మడతలో పోయిన చేయి

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, ముప్పై ఏండ్ల కింద అక్కడ ఒక పుస్తకం కొన్నాను. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. అరవై అన్నాడు, నలభైకి ఇచ్చాడు. నేను కొన్నది ఒక్క బొమ్మ కోసం. పైన నీలం, కింద పచ్చటి గుట్ట, గుట్ట మీద ఇటుక రంగు మనుషులు ఐదుగురు చేతులు పట్టుకొని గుండ్రంగా ఆడుతున్నారు. ఇంకేమీ లేదు. చెట్టు లేదు, ఇల్లు లేదు, ఒంటి మీద నూలుపోగు లేదు. కింద ఇంగ్లీషులో పేరు: ఆన్రీ మతీస్, ‘నృత్యం’, 1910.

ఆ బొమ్మను రెండు పేజీల మీదికి సాగదీసి అచ్చేశారు. ఎడమ పేజీలో మూడో వంతు, మిగిలింది కుడి పేజీలో, నడుమ బైండింగు కుట్టు. ఆ కుట్టు సంగతి తర్వాత చెప్తాను. నా పంచాయితీ అంతా దానితోనే.

మాది కామారెడ్డి. ఉద్యోగం చేసింది ఎల్లారెడ్డిలో, ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా. పొద్దున బస్సెక్కితే తాడ్వాయి, లింగంపేట దాటి ఎల్లారెడ్డి. వానలు తగ్గే రోజుల్లో ఆ రోడ్డు పక్కన తంగేడు విరగబూస్తుంది. భాద్రపదం సగం కాకముందే బస్సు కిటికీలోంచి పసుపు కనబడితే, ఇగ బతుకమ్మ వచ్చినట్టే అనుకునేదాన్ని. డ్రాయింగ్ పీరియడంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. లెక్కల సారుకు పోర్షన్ కాకపోతే అడిగి తీసుకునే పీరియడ్. ఆయన వదిలినవి నావి.

ఒకసారి బతుకమ్మ సెలవులకు రెండు రోజుల ముందు తొమ్మిదో తరగతికి చూపిద్దామని ఆ పుస్తకం పట్టుకపోయాను. గుంపుగా ఆడేవాళ్లను కాగితం మీద ఎట్లా పెట్టాలి అన్నది పాఠం. పాఠం స్టాఫ్‌రూంలోనే ఆగిపోయింది. పెద్దసారు బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, తలుపు దిక్కు చూశాడు. ‘మేడం, ఇది పిల్లలకా?’ అన్నాడు. ఆయనను అనేదేం లేదు, రేపు తల్లిదండ్రులు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

తర్వాత చదివితే నవ్వొచ్చింది. ఈ బొమ్మ వేయించుకున్న మనిషికీ ఇదే భయం పట్టిందట. సెర్గేయ్ షుకిన్ అని, మాస్కోలో బట్టల వ్యాపారి. తన బంగ్లా మెట్ల దారిలో పెట్టుకోవడానికి 1909లో మతీస్‌కు పని ఒప్పజెప్పాడు. మరుసటేడు పారిస్ ప్రదర్శనలో పెడితే చూసినవాళ్లు, రాసినవాళ్లు దుమ్మెత్తిపోశారు. షుకిన్‌కు గుండె జారింది. ఇంట్లో ఆడపిల్లలు, వచ్చిపోయే పెద్దమనుషులు. వద్దన్నాడు. మళ్లీ ఆగలేక తెప్పించుకున్నాడు. రష్యాలో విప్లవం వచ్చాక ఆ ఇంటి బొమ్మలన్నీ సర్కారు పరమయ్యాయి. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. పొడవు నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ, ఎత్తు రెండున్నర మీటర్ల పైన. మాస్కో సేటే తడబడ్డ చోట మా పెద్దసారు తలుపు దిక్కు చూడటంలో వింతేముంది?

పుస్తకం బీరువాలో పెట్టి సుద్దముక్క తీసుకున్నాను. నల్లబోర్డు మీద ఒట్టి బయటి గీతలతో ఐదుగురిని గీశాను. ముక్కు చెవులు లేవు, ఒంటి వివరం లేదు. అట్లా గీయడమే మంచిదైంది. రంగు పోతే ఆట మిగిలింది.

పక్కకు జరిగి ‘ఏం కనబడుతుంది?’ అన్నాను. ముందు బెంచీలోంచి వెంటనే వచ్చింది: ‘నడుమల బతుకమ్మ ఏది టీచర్?’ వెనక నుంచి ఇంకో పిల్ల: ‘చేతులు వట్టుకుంటె చప్పట్లెట్ల కొడ్తరు?’

నేనేదో దాటవేసి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను గానీ ఆ రెండు ప్రశ్నలు నాతోపాటు సాయంత్రం బస్సెక్కాయి. తర్వాత ఏండ్లపాటు ఆ బొమ్మను నేను చదివిందంతా వాటి వెంటబడే.

చప్పట్ల ప్రశ్న ముందు. గుంపుగా ఆడేవాళ్లను ఒకరితో ఒకరిని కలిపేది ఏదో ఒకటి ఉంటుంది. మతీస్ బొమ్మలో అది చేయి. ఆయన దక్షిణ ఫ్రాన్సులో కొలియూర్ అనే సముద్రపు ఊళ్లో బెస్తవాళ్లు సర్దానా ఆడటం చూశాడు. పారిస్‌లో ఆదివారాలు ఫరందోల్ ఆడే చోటికి పోయేవాడు. రెండూ చేతులు కలిపి ఆడేవే. చేయి పట్టుకుంటే ఒకరి బరువు ఒకరి మీద పడుతుంది. ఒకామె ఇటు గుంజితే అవతలామె అటు సాగుతుంది. బొమ్మలో చేతులన్నీ బిగించిన తాడులాగ ఉండటానికి కారణం అది.

బతుకమ్మలో ఎవరూ ఎవరినీ పట్టుకోరు. మా దిక్కు ఆట ఇట్లా ఉంటుంది: కొంగు నడుముకు దోపుకొని, ఒక అడుగు ముందుకు, నడుము వంగుతుంది, వంగిన చోట చప్పట్లు, లేస్తూ మళ్లీ చప్పట్లు, అడుగు పక్కకు. ముందు పాడే ఆమె ఒక మాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. కలిపి ఉంచేది ఆ దెబ్బ, ఆ వంపు. నిలబడి చూస్తే ముప్పై నడుములు ఒకేసారి వంగుతాయి, చేను మీద గాలి పోయినట్టు. అందుకని బతుకమ్మ గీసేవాళ్లకు నేను మొదట చెప్పేది, మొఖాలు వదిలేయండి, వీపులు గీయండి అని. అన్ని వీపులూ ఒకే వాలులో ఉంటే మొఖం లేకున్నా బతుకమ్మే. వీపులు తలోదిక్కు ఉంటే ఎన్ని నగలు పెట్టినా అది బస్టాండులో గుంపు.

కోలాటం ఇంకో తీరు. కట్టె కట్టెకు తగిలినప్పుడు కలుస్తారు, మరు క్షణం విడిపోతారు. కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల దండు నాయకుడు జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్తరత్నావళి’లో శాస్త్రీయ నాట్యంతో పాటు ఇట్లాంటి దేశి ఆటలకూ చోటిచ్చాడు. ఏనుగులను నడిపే మనిషి కోలల ఆట గురించి కూర్చొని రాశాడంటే నాకు ముచ్చటేస్తుంది.

ఇగ నడుమల ఏముంది అన్న ప్రశ్న. మనకు నడుమ పూలుంటాయి: శిబ్బిలో గుమ్మడాకు పరిచి, గునుగు, తంగేడు, బంతి వరుసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మ. గాంధారి, లింగంపేట దిక్కు తండాల్లో లంబాడా ఆడపిల్లలు తీజ్ ఆడేటప్పుడు నడుమ గోధుమ మొలకల బుట్టలుంటాయి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచినవి. రెండింట్లోనూ ఆడేవాళ్లు తల వంచి నడుమకే చూస్తారు. చూసేవాళ్ల దిక్కు చూడరు. బయట నిలబడ్డవాళ్లకు సగం మంది వీపులే కనబడతాయి. ఈ మధ్య గోడల మీద, ఫ్లెక్సీల మీద వేస్తున్న బతుకమ్మ బొమ్మల్లో అందరూ మన దిక్కు తిరిగి పళ్లు కనబడేలా నవ్వుతుంటారు. ఎవరు వేయించిన గోడలని చెప్పను. అది ఆట కాదు, గ్రూప్ ఫొటో.

మతీస్ ఆటలో నడుమ ఏమీ లేదు. పచ్చటి ఖాళీ. చాలా రోజులు అది నాకు లోటుగానే తోచింది. ఒకసారి ఊరికే ఆ ఐదుగురి మెడల మీద పెన్సిలు మొన ఆడిస్తుంటే అర్థమైంది, వాళ్లు ఒకవైపు తలలు లోపలికి వంచుతున్నారు, ఇంకోవైపు ఒళ్లు బయటికి విసురుతున్నారు. వాళ్ల మధ్య ఖాళీని వాళ్లే సాగదీస్తున్నారు. అక్కడ ఏదన్నా పెడితే చూపు దాని మీద ఆగిపోయి ఆట చచ్చిపోతుంది. దీనికి ముందు 1909లో ఇదే కొలతతో వేసిన చిత్తు ప్రతి న్యూయార్క్‌లో ఉంది. అందులో ఒంటి రంగు లేత గులాబీ, మనుషులు గాలిలో తేలినట్టుంటారు. 1910 దాంట్లో రంగు నిప్పులెక్క అయింది, పిక్కల్లో, వీపుల్లో బిగువు వచ్చింది. అదే ఐదుగురు, అదే నిలబడే తీరు. రంగు మార్చి పని మార్చాడు.

గుండ్రటి ఆటను చదరపు కాగితం మీద పెట్టడం పెద్ద తంటా. పిల్లలను సద్దుల బతుకమ్మ గీయమంటే చాలామంది ఒకే తీరుగా గీసేవాళ్లు: నడుమ బతుకమ్మ గోపురంలాగ నిటారుగా, చుట్టూ ఆడేవాళ్లు సూర్యుడి కిరణాల్లాగ నేల మీద వెల్లకిలా పడుకున్నట్టు. మొదట్లో మార్కులు కోసేదాన్ని. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎందుకంటే మహారాష్ట్రలో వార్లీ ఆదివాసులు తరతరాలుగా అంతే గీస్తున్నారు. మట్టిగోడ మీద బియ్యప్పిండితో రెండు త్రిభుజాలు కలిపితే ఒక మనిషి. తార్పా ఊదేవాడి చుట్టూ ఆడేవాళ్లు సుడి తిరుగుతారు. సుడిని పైనుంచి చూసినట్టు, మనుషులను పక్క నుంచి చూసినట్టు గీస్తారు. జీవ్యా సోమా మాశే ఆ బొమ్మను గోడ మీద నుంచి కాగితం మీదికి తెస్తే ప్రపంచమంతా మెచ్చుకుంది. మా పిల్లలకు నేను పదికి నాలుగు వేశాను.

మన చేర్యాల నకాషీ వాళ్లది ఇంకో దారి. పటం మీద మనుషులను వరుసలో నిలబెడతారు. చుట్టు అనేది ఉండదు, కథ చెప్పేటాయన చూపించిన కాడ చూడాలి. మతీస్ ఈ రెండింటికీ నడుమ పడ్డాడు. చుట్టును కొంచెం ఎత్తు నుంచి చూసినట్టు కోడిగుడ్డులాగ అణిచి, గుట్ట వాలు మీదికి ఎక్కించాడు. అందుకే ముందున్నామె మన మీదికి జారేటట్టు కనబడుతుంది.

రంగు గురించి ఒక మాట. నీడ వేయకుండా, దూరం చూపకుండా చదును రంగు పూశాడని పారిస్ వాళ్లు అప్పుడు గొడవ చేశారు. చేర్యాల పటం చూసి పెరిగిన కండ్లకు అందులో కొత్తేముంది? చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద నేలంతా ఎరుపు, దాని మీద నీలం, పసుపు మనుషులు, నల్లగీత కట్టు. నీడ అడిగినవాడు లేడు. సిద్దిపేటలో కాపు రాజయ్య గారు (1925–2012) ఆ నకాషీ రంగునూ గీతనూ పట్టుకొనే బతుకమ్మ, బోనాలు, పల్లె పనీపాటా చిత్రించి పేరు తెచ్చుకున్నారు. ఆయన కూడా బడిలో డ్రాయింగ్ టీచరే. స్టాఫ్‌రూంలో ఎవరన్నా ‘డ్రాయింగే కదా’ అన్నప్పుడల్లా నేను మనసులో ఆయన పేరు అనుకునేదాన్ని.

గుంపు ఆటంటే సంబరమే అనుకోవద్దు. పికాసో 1925లో వేసిన ‘ముగ్గురు నర్తకులు’ లండన్‌లో టేట్ గ్యాలరీలో ఉంది. ముగ్గురూ చేతులు కలిపే ఉంటారు గానీ నడుమ మనిషి శిలువ మీద కొట్టినట్టు, ఎడమామె ఒళ్లు విరిగినట్టు ఉంటుంది. అది వేస్తున్న రోజుల్లోనే ఆయన దోస్తు చచ్చిపోయాడు. వెనక నల్లటి నీడలో ఆ దోస్తు మొఖం కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు జంకు కలగలేదు. బతుకమ్మ పాటల్లో సగం కతలు ఏడుపు కతలే. అత్తింట్లో అరిగోస పడ్డ కోడలు, చెరువుకు బలైన ఆడిమనిషి. చప్పట్లు కొడుతూనే వాటిని పాడతాం.

ఇప్పుడు కుట్టు సంగతి.

రిటైరయ్యాక, మొన్న వేసవిలో పుస్తకం పూర్తిగా విడిపోయింది. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో బైండింగ్ చేసే ఒకాయన దగ్గరికి పట్టుకపోయాను. ఆయన ఆ రెండు పేజీలు బయటికి తీసి, కుట్టులో ఇన్నేండ్లు మడతపడి ఉన్న అంచులు వేలితో సాపు చేసి, బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి ఆనించాడు. ఆనించి ఆగాడు. ‘అమ్మా, అచ్చు తప్పినట్టుంది. ఇక్కడ చెయ్యి అందుతలేదు’ అన్నాడు.

అచ్చు తప్పలేదు. ఎడమ చివరి ఆమె చేయి, ముందు వైపు సాగిపడుతున్న ఆమె చేయి, రెండింటి నడుమ పచ్చటి సందు. ఐదుగురిలో ఆ ఒక్క చోట చుట్టు తెగింది. అది సరిగ్గా నా పుస్తకం మడతలో పడి నాకెన్నడూ కనబడలేదు. మడత దగ్గర చేతులు ఎట్లాగూ కలిసి ఉంటాయి కదా అనుకొని బోర్డు మీద నేనే కలిపేశాను. ఒక్కసారి కాదు, బతుకమ్మ సెలవుల ముందు ఏటేటా. ఎంతమంది పిల్లల నోటుబుక్కుల్లో ఉందో ఆ తప్పు చేయి! బోర్డు మీద చుట్టు పూర్తయింది గనుకే నా బొమ్మలో ఆ ముందామె ఎందుకంత మీదికి పడుతుందో నేను ఏనాడూ పిల్లలకు చెప్పలేకపోయాను. వాలు అన్నాను, గుట్ట అన్నాను. ఆమె జారిన చేతిని అందుకోవడానికి సాగుతున్నది. అంతే సంగతి.

నాకు ధైర్యం చెప్పింది మళ్లీ మతీసే. అరవై దాటాక, 1930ల మొదట్లో, అమెరికాలో మెరియన్ అనే ఊళ్లో బార్న్స్ అనే ఆయన గోడకు ఇదే నృత్యం మళ్లీ వేయడానికి ఒప్పుకున్నాడు. వెదురు కట్టె చివర బొగ్గు కట్టి, నిలబడి, మనిషికి మించిన ఆకారాలు గీసేవాడు. అట్లా గీస్తున్నప్పటి ఫొటో ఉంది. ముగ్గు పిండి లేదు గానీ మన వాకిట్లో పెద్ద ముగ్గు వేసేటప్పుడు నడుము నుంచి చేయి ఎట్లా తిరుగుతుందో అట్లనే ఉంటాడు. రంగు కాగితాలు కత్తిరించి అతికించి, జరిపి చూసుకున్నాడు. ఏడాది దాటి పని చేశాక తెలిసింది, గోడ కొలత తప్పు రాసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి వేశాడు. కొలత తప్పింది ఇప్పుడు పారిస్‌లో ఒక మ్యూజియంలో ఉంది, జనం టికెట్టు కొని చూస్తున్నారు.

ఆ సందు గురించి చాలామంది ఒక మాట అంటారు: చూసేవాళ్లు వచ్చి చేయి కలపాలని చిత్రకారుడు జాగ వదిలాడని. వినడానికి బాగుంది. నాకు నమ్మకం కుదరదు. అంత ఉరుకులో ఉన్న ఐదుగురు ఆరో మనిషిని ఎక్కడ పిలుస్తారు? ఆ ఇద్దరి చేతులు చూడండి, అవి బయటికి చాచినవి కావు, ఒకదాని కోసం ఒకటి చాచినవి. రమ్మనడానికి వదిలిన సందైతే వాళ్లంత తొందరపడరు. అది ఆటలో జారిపోయిన చేయి. మరు క్షణం దొరుకుతుందో, ఆమె బోర్లాపడుతుందో చూడనివ్వకుండా ఆపేశాడు. బతుకమ్మలో అయితే ఆ భయమే లేదు. పట్టుకున్నది లేదు కనుక జారేదీ లేదు. ఎవరన్నా ఆగితే పక్కామె ఒక అడుగు ఎక్కువ వేస్తుంది.

పుస్తకం విడిపోయిన ఆ ఏడే సద్దుల నాడు ఎల్లారెడ్డి పోయాను. ఒకప్పుడు చప్పట్ల ప్రశ్న అడిగిన పిల్లే ఇప్పుడు అక్కడ ఇద్దరు పిల్లల తల్లి. రమ్మని ఫోన్ చేసింది. చెరువు కట్ట కింద మైదానంలో ఊరోళ్లంతా దించిన బతుకమ్మలు, చుట్టూ చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు. లైట్లు, దుమ్ము. నేను కట్ట మీద రాయి చూసుకొని కూర్చొని స్కెచ్‌బుక్కు తీశాను. వీపులు, వీపులు గీస్తూ పోయాను. ఎవరినీ కలపలేదు ఈసారి. వాళ్ల నడుమ ఎంత జాగ ఉందో అంతే వదిలాను.

‘టీచర్, గీసుడు ఇగ చాలు, రాండ్రి’ అని కింది నుంచి కేక. చూస్తే ఆమె ఆట ఆపలేదు. వంగుతూనే, చప్పట్లు కొడుతూనే, నా దిక్కు తిరిగి సగం అడుగు పక్కకు జరిగింది. ఆమె పక్కనున్న ముసలావిడ కూడా జరిగింది.

ఆ పేజీ ఇంకా నా దగ్గర ఉంది. పదకొండు మంది ఆడోళ్లున్నారు. పన్నెండో ఆమెవి పాదాలు మాత్రమే గీసి ఉన్నాయి. చెప్పులు కట్ట మీదనే మర్చిపోయి మరునాడు పొద్దున పోయి తెచ్చుకున్నాను.